పదునెనిమిదేండ్ల నౌకాభటుడు: టెడ్డీ షీన్, అతని యింటివారు

ఆస్ట్రేలియా ఖండమునకు దక్షిణమున టాస్మేనియా యను దీవి గలదు. మన పిల్లల భూగోళపటములలో నది చింతగింజంత మాత్రమే కనబడును. ఆ దీవి యుత్తరభాగమున లోయర్ బారింగ్టన్ అను చిన్నపల్లెలో 1923వ సంవత్సరము డిసెంబరు 28వ తేదీన జేమ్సు షీన్ అను కూలివానికి పదునాలుగవ బిడ్డ పుట్టెను. తల్లి పేరు మేరీ జేన్. బిడ్డకు ఎడ్వర్డు అని పేరు పెట్టిరి గాని యింటిలోను వీధిలోను అందరును టెడ్డీ యనియే పిలిచిరి. నేను నేడు చెప్పబోవునది ఆ కడగొట్టు కాలపు బిడ్డ కథయు, అతని సోదరుల కథయు, అతడు చనిపోయిన పిమ్మట డెబ్బది యేడేండ్లు అతని పేరున నడచిన యొక వివాదపు కథయు.

పదునాల్గురు బిడ్డలు గల కూలివాని సంసార మెట్టిదో మన పల్లెలలోని పెద్దలకు వేరుగ వర్ణింప నక్కరలేదు. టెడ్డీ పుట్టిన కొలదికాలమునకే యా కుటుంబము సమీపముననున్న లాట్రోబ్ అను ఊరికి తరలిపోయెను. బాలుడు అక్కడి కతోలికు పాఠశాలలో చదివి, చదువు ముగియగానే చుట్టుప్రక్కల పొలములలో పనికి కుదిరెను. ఆ సంసారమున యుద్ధము రాకున్న యెడల అతడును అన్నలవలె నా పొలములలోనే బ్రదుకు గడపియుండును. లాట్రోబు పేరు గాని షీన్ ఇంటిపేరు గాని మన చెవిని పడియుండెడిది కాదు.

1939వ సంవత్సరము సెప్టెంబరులో రెండవ ప్రపంచయుద్ధము ఆరంభమైనది. షీన్ ఇంటినుండి ఒకరి వెంట నొకరుగా ఐదుగురు అన్నదమ్ములు సేవకు పోయిరి. వారిలో నలువురు భూసైన్యమునను, ఒకడు నౌకాదళమునను చేరిరి. 1941వ సంవత్సరము ఏప్రిలు 21వ తేదీన టెడ్డీయు నౌకాదళపు రిజర్వులో పేరు వ్రాయించుకొనెను. అప్పటికతనికి పదునేడేండ్లు. ఒక్క కూలియింటినుండి ఆరుగురు! ఇంటిపెద్ద మగపిల్లల నొకరి తరువాత నొకరిని రైలుబండి యెక్కించి తిరిగివచ్చుట యెట్టి పనియో, ఆ తల్లిదండ్రుల మనస్సులో నేమి యుండెనో, ఏ ప్రభుత్వపు కాగితములోను వ్రాసియుండదు. లెక్కలలో మిగులునది సంఖ్య మాత్రమే.

టెడ్డీ మొదట తన దీవి రాజధానియైన హోబర్టులోను, తరువాత ప్రధానభూమిమీద ఫ్లిండర్సు నౌకాశిక్షణస్థానములోను శిక్షణ పొందెను. పిమ్మట వానిని సిడ్నీనగరమునకు పంపిరి. అక్కడి రేవులో కుట్టబుల్ అను పాత ప్రయాణికుల నౌకను నావికులకు బసగా నేర్పరచియుండిరి. టెడ్డీకి చోటు దానిలోనే దొరకెను. 1942వ సంవత్సరము మే 31వ తేదీ రాత్రి జపానువారి చిన్న జలాంతర్గాములు సిడ్నీ రేవులోనికి చొరబడి టార్పీడో వేయగా కుట్టబుల్ మునిగిపోయెను. నిద్రించుచున్న 21 మంది నావికులు మరణించిరి. టెడ్డీ ఆ సమయమున సెలవుమీద ఇంటికి పోయియుండెను. ఆ విధముగా నతనికి మరి యారునెలల యాయుస్సు దక్కినది.

జూను 11వ తేదీన ఆర్మిడేల్ అను క్రొత్త కార్వెట్టు నౌక సేవలో ప్రవేశించెను. టెడ్డీ దానిలో భటుడుగా చేరెను. కార్వెట్టనగా పెద్ద యుద్ధనౌక కాదు. దాని పొడవు ఇంచుమించు 186 అడుగులు; వేగము గంటకు పదునైదు నాట్లు. సముద్రములో పరచిన మందుగుండ్లను ఏరివేయుటకు, సరకునౌకలకు కావలి కాయుటకు, సైనికులను దింపుటకును ఎక్కించుటకును, ఇంటిలో పాలేరువలె అన్ని పనులకును వాడుకొనుట కేర్పడిన నౌక యది. ఈ తరగతి నౌకలు ఆస్ట్రేలియాలో 60 కట్టబడెను. వానిలో నాలుగింటిని మన దేశపు నౌకాదళమునకిచ్చిరి. వాని పేరులు బెంగాల్, బొంబాయి, మద్రాసు, పంజాబు. ఆర్మిడేల్ నౌకకు ఇవి సొంత తోబుట్టువులు. వానిలో బెంగాల్ అనునది 1942 నవంబరు 11వ తేదీన హిందూమహాసముద్రములో ఒక నూనెనౌకకు తోడుగా వచ్చుచు, తనకంటె ఎన్నోరెట్లు పెద్దవియైన రెండు జపాను నౌకలతో పోరాడి యొకదానిని ముంచిన సంగతి మన దేశమున ఆనాడే ప్రసిద్ధికెక్కెను. ఆ యుద్ధము జరిగిన మూడువారములు నిండకముందే ఆర్మిడేలుకు తన పరీక్ష వచ్చినది.

ఆ పరీక్ష ఏల వచ్చెనో తెలియుటకు టిమోరు దీవి సంగతి కొంత చెప్పవలెను. ఆస్ట్రేలియాకు వాయవ్యమున నున్న ఆ దీవిలో సగము పోర్చుగీసువారిది, సగము డచ్చివారిది. 1942 ఫిబ్రవరిలో జపానువారు దానిని పట్టుకొనిరి. ఆ నెల 19వ తేదీననే వారి విమానములు ఆస్ట్రేలియా ఉత్తరతీరమందలి డార్విను పట్టణముపై బాంబులు వేయగా రెండువందలకు పైగా జనులు చచ్చిరి. ఆ భయము మనవారికి క్రొత్తది కాదు. అదే సంవత్సరము ఏప్రిలు 6వ తేదీన విశాఖపట్టణముమీదను కాకినాడమీదను జపాను బాంబులు పడినవి. తీరపు టూళ్లలోని జనులు మూటలు గట్టుకొని లోపలి గ్రామములకు పరుగెత్తిన సంగతి మన పెద్దల నోట విన్నదియే.

టిమోరులో మిగిలిన ఆస్ట్రేలియా సైనికుల చిన్నదళము లొంగక కొండలలోనికి పోయి, అక్కడి ప్రజలు పెట్టిన తిండితోను చూపిన త్రోవలతోను పోరాటము సాగించెను. వారికి బయటిలోకముతో సంబంధము తెగిపోయెను. స్వదేశమున వారు చనిపోయిరనియే తలచిరి. అప్పుడు వారిలో కొందరు చిల్లరమల్లర తీగెలును, విరిగిన యంత్రముల ముక్కలును పోగుచేసి యొక రేడియో యంత్రమును కట్టిరి. 1942 ఏప్రిలులో డార్వినువారికి దానిద్వారా మాట యందినది. రేడియోమీద మాటాడుచు ఈ సంగతి చెప్పకుండ పోజాలను.

ఆ దళము నెలల తరబడి రోగములతోను అలసటతోను చిక్కిపోగా, వారిని మరల్చి వారి స్థానమున వేరువారిని దింపవలెనని ఆ సంవత్సరము నవంబరు చివర నిర్ణయించిరి. దింపవలసిన చోటు దీవి దక్షిణతీరమందలి బెటానో. అది మంచి రేవు కాదు. సెప్టెంబరులోనే వోయేజర్ అను డిస్ట్రాయరు నౌక అక్కడ ఇసుకలో కూరుకొనిపోయి, తనవారి చేతులతోనే ధ్వంసము చేయబడినది. అట్టిచోటికి క్యాసిల్‌మెయిన్, ఆర్మిడేల్ అను రెండు కార్వెట్టులును, కురూ అను చిన్ననౌకయు బయలుదేరినవి. ఆర్మిడేలులో నావికులు 83 మంది, ఆస్ట్రేలియా సైనికులు ముగ్గురు, డచ్చి సైన్యమునకు చెందినవారు 63 మంది, వెరసి 149 మంది. ఆ 63 మందిలో ఇద్దరు డచ్చి అధికారులు తప్ప తక్కినవారందరును ఇండొనేషియా దేశస్థులు. ఈ సంఖ్యలను జ్ఞాపకముంచుకొనుడు. వీనితో తరువాత పని గలదు.

దారిలో విమానముల దాడివలన కార్వెట్టులు రెండును ఆలస్యమైనవి. అవి బెటానో చేరునప్పటికి కురూ ముందుగా వచ్చి, శరణార్థులైన పోర్చుగీసు స్త్రీలను పిల్లలను ఎక్కించుకొని వెడలిపోయియుండెను. డిసెంబరు 1వ తేదీ ప్రాతఃకాలమున నౌకలు మూడును సముద్రములో కలిసికొనెను. శరణార్థులను క్యాసిల్‌మెయిన్ నౌకలోనికి మార్చి దానిని డార్వినుకు పంపిరి. దింపవలసిన సైనికులు ఆర్మిడేలులో నుండుటచేత దానికి మరల బెటానోకు పొమ్మని యాజ్ఞయయ్యెను. శత్రువులు తమను చూచియున్నారనియు, పైన తోడుగా నుండు విమానములు చాలవనియు నౌకలోనివారికి తెలియును. అయినను ఆజ్ఞ ఆజ్ఞయే. ఆ నిర్ణయము సరియైనదా కాదా యని తరువాత అనేకులు వాదించిరి. ఆ రోజున డార్వినులో కూర్చుండినవారి యెదుట కొండలలో చిక్కిన సైనికులు, ఒడ్డున నిలిచిన స్త్రీలు, సముద్రమున నున్న మూడు నౌకలు, అన్నియు నొక్కసారి యుండెను. తీర్పు చెప్పుట మనకు సులభము.

మధ్యాహ్నము పదుమూడు జపాను విమానములు ఆర్మిడేల్ మీదికి వచ్చెను. నౌక అటునిటు మలుపులు తిరుగుచు తప్పించుకొన జూచెను. మూడుగంటలు దాటిన కొలదిసేపటికి ఒక టార్పీడో ఎడమప్రక్కను తగిలినది. మరియొకటి యంత్రముల గదిని చీల్చినది. నౌక ఎడమవైపు ఒరగిపోయెను. నౌకను విడువుడని కెప్టెను ఆజ్ఞాపించెను. అందరును నీటిలోనికి దూకిరి. విమానములు తిరిగివచ్చి, నీటిలో తేలుచున్నవారిమీద మరతుపాకులతో కాల్చసాగెను.

టెడ్డీ షీన్ మొదట ఒక తెప్పను కట్లు విప్పి నీటిలోనికి వదలుటకు తోడ్పడెను. అతడును దానితో పోవలసినవాడే. పోలేదు. నౌక వెనుకభాగమందున్న ఓర్లికాన్ తుపాకి వద్దకు తిరిగి నడచెను. అట్లు చేయుమని అతని కెవ్వరును చెప్పలేదు. చెప్పదగిన అధికారము గలవారందరును నౌకను విడువుమనియే చెప్పియుండిరి.

ఓర్లికాన్ తుపాకి విమానములను కొట్టునట్టిది. దానికి రెండు భుజపుకొయ్యలుండును. కాల్చువాడు వానిలో భుజములానించి, నడుమునకు పట్టీ బిగించుకొని, తన దేహమునే త్రిప్పుచు తుపాకిని త్రిప్పవలెను. అరువది తూటాలు పట్టు గుండ్రని పెట్టె పైన బిగింపబడును; అది ఖాళీ కాగానే వేరొకడు క్రొత్తపెట్టె నెత్తి బిగించును. టెడ్డీకి నియమించిన పని ఆ రెండవది. అతడు పెట్టెలు మోయువాడు. ఆనాడతడు కాల్చువాని చోట నిలిచి పట్టీ బిగించుకొనెను. అప్పటికే రొమ్మునను వీపునను గాయములు తగిలియుండెను. ఆ తుపాకితో ఒక విమానమును కూల్చి, మరికొన్నిటిని నీటిలోనివారిమీదికి రానీయక మళ్లించెనని బ్రదికినవారు చెప్పిరి. నౌక వెనుకభాగము మునుగుచుండగా నీరు అతని పాదములనుండి పైకెక్కుచుండెననియు, తుపాకి నీటిలోనికి పోవుచున్నను గుండ్ల వెలుగు పైకి వచ్చుచునే యుండెననియు వారి సాక్ష్యము. పందొమ్మిదేండ్లు నిండుటకు అతనికింకను నాలుగువారములు తక్కువ.

నౌక మునుగుటతో కథ ముగియలేదు. విరిగిన మోటారుపడవ యొకటి, చిల్లులు పడిన తెడ్లపడవ యొకటి, తెప్ప యొకటి మిగిలినవి. నీరు తక్కువ, తిండి తక్కువ, నెత్తిమీద ఉష్ణమండలపు ఎండ. మోటారుపడవలో కెప్టెనును కొందరును సహాయమునకై డార్విను దిక్కుగా పోయిరి. కొన్నిదినములకు తక్కినవారిలో కొందరు తెడ్లపడవను ఎట్లో బాగుచేసికొని బయలుదేరిరి. ఈ రెండు పడవలవారిని కాల్‌గూర్లీ యను నౌక కనుగొని రక్షించినది. తెప్పమీద మిగిలినవారిని వారము గడచిన పిమ్మట ఒక విమానము చూచినది. వారి ఛాయాచిత్రము కూడ తీసినది. సముద్రము పొంగియుండుటచే విమానము నీటిపై దిగజాలకపోయెను. నౌకలు పోయి వెదకునప్పటికి తెప్ప కనబడలేదు. మరి యెన్నడును కనబడలేదు. చేతులెత్తి ఆకాశమువైపు చూచుచున్న ఆ మనుష్యుల చిత్రము ఇప్పటికిని ఉన్నది. 149 మందిలో బ్రదికినవారు 49 మంది. చనిపోయినవారు నూర్గురు, వారిలో నావికులు 40 మంది, డచ్చి సైన్యమువారు 60 మంది.

ఆ అరువదిమందిలో దాదాపు అందరును ఇండొనేషియా సైనికులని ముందు చెప్పితిని. పరాయిదొరల సైన్యములో చేరి, తమది కాని నౌకలో, తాము కోరని చోట వారు ప్రాణములు విడిచిరి. ఈ నౌకను గూర్చి వ్రాసిన వ్రాతలలో వారి సంఖ్యయే తరచుగ కనబడును గాని పేరులు కనబడవు. రెండు మహాయుద్ధములలోను వేరొకరి జెండాక్రింద సముద్రములు దాటి పోయిన లక్షలమంది భారతసైనికులను ఎరిగిన మనకు ఈ సంగతి కొంత బాధ కలిగింపక మానదు. టెడ్డీ షీన్ కాపాడజూచినవారిలో వారును ఉండిరి.

ఇక బిరుదు సంగతి. శత్రువు నెదుట చూపిన శౌర్యమునకు బ్రిటిషు సామ్రాజ్యములో అన్నిటికంటె పైదియైన పతకము విక్టోరియా క్రాసు. అది 1856లో ఏర్పడినది. 1911నుండి భారతసైనికులకును ఇయ్యబడసాగెను. దానిక్రింద ఇంకను ఎన్నో తరగతుల పతకములు గలవు. అయితే ఆనాటి నియమములలో ఒక విచిత్రమైన నియమము గలదు. పోరాటములో చనిపోయినవానికి ఈ పతకములలో విక్టోరియా క్రాసు ఒక్కటియే ఇయ్యవచ్చును. అది ఇయ్యనిచో, యుద్ధనివేదికలో వాని పేరు ప్రశంసతో పేర్కొనవచ్చును, అంతే. నడుమనున్న పతకములన్నియు బ్రదికియున్నవారికే. అనగా చచ్చినవానికి మేడమీది గది యుండవలెను, లేదా వీధిఅరుగు. నడుమ ఇల్లు లేదు. ఆ నియమము చాలకాలమునకు గాని మారలేదు. టెడ్డీ షీనుకు అరుగే దక్కినది. నివేదికలో అతని పేరు పేర్కొనబడెను. నౌకాదళమువారు అంతటితో ఆ విషయమును చాలించిరి.

కుటుంబమువారు చాలింపలేదు. ఆస్ట్రేలియా భూసైన్యమునకును వైమానికదళమునకును విక్టోరియా క్రాసులు అనేకములు వచ్చినవి గాని ఆ దేశపు నౌకాదళములో నొక్కనికిని రాలేదు. ఏల రాలేదని టాస్మేనియాలో జనులు అడుగుచు వచ్చిరి. 1999 మే 1వ తేదీన ఒక క్రొత్త జలాంతర్గామికి షీన్ అని పేరు పెట్టి నీటిలోనికి దింపిరి. దింపినది అతని తోబుట్టువైన సోదరియే. ఆ దేశములో అధికారి కాని యొక సామాన్యభటుని పేరు యుద్ధనౌకకు పెట్టుట అదియే మొదలు. పోరాడుచునే యుండుమని దాని ధ్యేయవాక్యము. ఈ గౌరవము గొప్పదే. కాని నౌకకు పేరు పెట్టుట వేరు, నియమము ప్రకారము రావలసినది వచ్చుట వేరు. ఈ భేదమును కోర్టు వ్యవహారములు నెరిగిన గ్రామపెద్దలకు నేను చెప్పనక్కరలేదు.

మరువబడిన శౌర్యములను విచారించుటకు ఆ దేశమున ఒక ట్రిబ్యునలు ఏర్పడెను. అది పాతకాలపు వీరులు పదుమూడుగురి విషయము పరిశీలించి 2013లో నివేదిక యిచ్చెను. షీనుతో సహా ఎవ్వరికిని విక్టోరియా క్రాసు సిఫారసు చేయలేదు. ఆనాటి పద్ధతులు ఆనాటి నియమముల ప్రకారమే జరిగినవని దాని తాత్పర్యము. షీను మేనల్లుడు పట్టు విడువక మరల దరఖాస్తు పెట్టెను. 2019లో ట్రిబ్యునలు మరల విచారించి ఈసారి విక్టోరియా క్రాసు ఇయ్యవలసినదే యని చెప్పెను. 2020 మే నెలలో ప్రభుత్వము దానిని త్రోసిపుచ్చెను. క్రొత్తసాక్ష్యము చాలదని ప్రధానమంత్రి చెప్పెను. టాస్మేనియా ప్రతినిధులు ఊరకుండలేదు. దేశమున అలజడి పుట్టెను. తుదకు బ్రెండన్ నెల్సను అధ్యక్షతను ఒక నిపుణుల సంఘమును వేసిరి. షీనుకు 1942లో గొప్ప అన్యాయము జరిగినదని ఆ సంఘము నిర్ణయించెను. ప్రధానమంత్రి తన మాట మార్చుకొనెను. 2020 ఆగస్టు 12వ తేదీన ఎలిజబెత్తు రాణి ఆమోదించెను.

పాతతీర్పులను తిరుగదోడరాదను వాదము తేలికగ త్రోసివేయదగినది కాదు. చూచినవారందరును చనిపోయిన తరువాత, కాగితములు పోయిన తరువాత, వేయి కుటుంబములు వచ్చి మావాని మాట ఏమని అడిగినచో న్యాయము చెప్పుట యెట్లు? ప్రభుత్వమువారి భయము అదియే కావచ్చును. కాని ఈ వ్యవహారములో ఆనాడే సాక్షులు కలరు. వారు నీటిలోనుండి కండ్లార చూచి, ఒడ్డు చేరి చెప్పిరి. వారు చెప్పిన దానిని అబద్ధమని ఎవ్వరును అనలేదు. తక్కువైనది సాక్ష్యము కాదు; సామాన్యభటుని సాక్ష్యమును, సామాన్యభటుని చావును పెద్దకచ్చేరీలలో తూచిన త్రాసు అట్టిదని నా యభిప్రాయము.

2020 డిసెంబరు 1వ తేదీన, ఆర్మిడేల్ మునిగిన తేదీననే, కాన్‌బెర్రా నగరములో గవర్నరు జనరలు డేవిడ్ హర్లీ ఆ పతకమును షీన్ కుటుంబమువారి చేతికిచ్చెను. ఆస్ట్రేలియా నౌకాదళమునకు వచ్చిన మొదటి విక్టోరియా క్రాసు అది. ఆ కంచుపతకమును బిడ్డ పేరున చేతులు చాచి అందుకొనవలసిన జేమ్సు షీనును మేరీ జేనును అప్పటికి లేరు. మేనల్లుడుండెను.